గడప దగ్గరి మాట

కొబ్బరిపీచు నడుముకు కట్టుకుని, వేళ్ళతో కొద్దికొద్దిగా వదులుతూ, నిల్మిణి పెరట్లో వెనక్కి వెనక్కి నడిచేది. అత్త పియసీలి రాట్నం తిప్పేది. ఇద్దరి మధ్యా తాడు పొడుగయ్యేకొద్దీ కోడలి నోట్లో జపాను మాటలు నలిగేవి. నొప్పిగా ఉందా? చెయ్యి మెల్లగా ఎత్తండి. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయా? ఆ దేశంలో ముసలివాళ్ళకు సేవ చేసే ఉద్యోగానికి వెళ్ళబోతోంది. ఈ మాత్రం మాటలు రాకుండా ఎవరూ పంపరు.

"నా నడుమెలా ఉందో ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు గానీ, ఊరూ పేరూ తెలియని ముసలాళ్ళ మీద ఎంత ప్రేమే పిల్లా," అనేది పియసీలి.

"నీ నడుము అడక్కుండానే చెప్తుంది కదత్తా," అనేది నిల్మిణి.

వేళాకోళాలు అలా సాగుతుండగానే ఒక సాయంత్రం పియసీలి రాట్నం ఆపేసి, అక్కడివాళ్ళు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఏమంటారని అడిగింది. ఆ పాఠం ఇంకా రాలేదంది నిల్మిణి. అత్త ఎందుకు అడిగిందో ఆమెకు తెలుసు.

ఆవిడ పెద్దకొడుకు రంజన్ ఏదో మాటామాటా పెరిగి, వెళ్ళొస్తానమ్మా అనకుండా, పోతున్నా అని గడప దాటి చేపల పడవెక్కాడు. పడవ తిరిగి రాలేదు. పియసీలి సముద్రాన్ని ఏనాడూ తిట్టలేదు. ఆ ఒక్క మాటనే తిట్టుకుంది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఉప్పు కోసం కొట్టుకెళ్ళినా వెళ్ళొస్తాననే వెళ్ళాలి.

"ఏళ్ళ తరబడి వాళ్ళ మాటే నీ మాటవుతుంది. రోజూ పొద్దున్నే పోతున్నా అని గడప దాటే దేశమైతే నువ్వెళ్ళొద్దు. నీ పిల్లను నేను చూడను."

మూడేళ్ళ సనులిని ఆవిడ చూడకపోతే ప్రయాణమే లేదు. మొగుడు జయలత్, అమ్మ మాటే తన మాటన్నాడు. అబద్ధం చెప్పేస్తే సరిపోతుందని నిల్మిణికి తోచకపోలేదు. కానీ ఆ విషయంలో, ఆ మనిషితో అబద్ధమాడడానికి నోరు రాలేదు.

శ్రీలంక తీరంలోని గాల్లె పట్నంలో, ఒక బేకరీ మేడమీద వాళ్ళ జపాను తరగతి. పాఠం చెప్పే టీచరు ఉపేక్ష చాలాకాలం జపానులో పనిచేసి వచ్చింది. అడిగితే తేలిపోతుందన్న భయంతో కొన్నాళ్ళు నోరు మెదపని నిల్మిణి, చివరికి ఓరోజు లేచి నిలబడి అడిగేసింది. అదా, అని ఉపేక్ష బోర్డు మీద రెండు ముక్కలు రాసింది. ఇత్తె కిమాస్, వెళ్ళేవాళ్ళు అనేది. ఇత్తె ఇరష్షాయ్, ఇంట్లో ఉండేవాళ్ళు అనేది.

"వెళ్ళొస్తాను. వెళ్ళి రా. అంతే," అంది.

తర్వాతి పాఠం కోసం చెరపబోతూ వెనక్కి తిరిగితే ఒక్కరూ రాసుకోవడం లేదు. కింద రొట్టెల పళ్ళేలు లాగుతున్న చప్పుడు పైదాకా వినిపిస్తోంది. నిల్మిణి ఆ రెండు ముక్కలనే మళ్ళీ మళ్ళీ చదివింది, అచ్చం తమ ఇళ్ళల్లో అనే మాటలే. ఇక్కడినుంచి ఎవరూ పట్టుకెళ్ళి ఇచ్చిన మాట కాదు, అక్కడినుంచి ఎవరూ తెచ్చిందీ కాదు. మధ్య అంత సముద్రం. ఆ ఒడ్డున కూడా ఎప్పుడో ఎవరో తల్లి గుమ్మంలో నిలబడి, పోతున్నా అన్న మాటకు గుండె జారి, అలా అనకురా అని ఉండాలి.

"వాళ్ళకెవరు నేర్పారు మిస్?" అంది వెనక బెంచీలో ఒకామె.

ఏళ్ళపాటు రోజూ ఆ మాట అన్న ఉపేక్ష, చెరపడం మానేసి, బోర్డు మీది ముక్కలను తనే కొత్తగా చదువుకుంది.

ఇంటికొచ్చి చెబితే పియసీలి నమ్మలేదు. నన్ను ఏమార్చడానికి కల్పించావా అంది. నిల్మిణి కూతురి తల మీద చెయ్యి వేసింది. ముసలావిడ రాట్నం వదిలేసి దగ్గరికి వచ్చింది.

"వాళ్ళ మగాళ్ళూ సముద్రం మీదకి వెళ్తారా?"

"వెళ్తారట అత్తా."

"రోజూ అంటారా? ప్రతి ఇంట్లోనూ?"

"బడికెళ్ళే పిల్లలు కూడా."

పియసీలి ఏ దిక్కుకో తెలియకుండానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఎన్ని ఇళ్ళుంటాయో ఆ దేశంలో, ఎన్ని గడపలో, తనలో తనే అనుకుంది. ఆ తర్వాత, ఉండిపోయేవాళ్ళ మాట ఏదన్నావని అడిగింది. నాలుక తిరగలేదు. మళ్ళీ ప్రయత్నించింది. సగమే వచ్చింది. సనులి పకపకా నవ్వింది.

"నువ్వు బయటికెళ్ళి నిలబడి అనవే. ఎదురుగా మనిషి లేకుండా ఆ మాట నాకెలా వస్తుంది?"

నిల్మిణి గడప దాటి వాకిట్లో నిలబడి, ఇంటివైపు తిరిగి, గొంతు సవరించుకుంది.