ఒక్క కోతతో విడని ముడి

ఆ గురువారం ప్రసూన చెయ్యాల్సినవి: అత్తగారి బీపీ మాత్రలు తేవాలి. భర్త వాసుదేవరావు చొక్కాలు ఇస్త్రీ చెయ్యాలి. సాయంత్రం భోజనానికొచ్చే అతని ఆఫీసువాళ్ళకి గుత్తివంకాయ, పులిహోర వండాలి. ఈ మధ్యలోనే మూడింటికి యూనివర్సిటీకెళ్ళి, ఇన్నాళ్ళ తన పరిశోధనని నలుగురి ముందూ చెప్పాలి. చెబితేనే అది ఆమెదవుతుంది.

కణంలో డీఎన్‌ఏ పోగు ముడిపడుతుంది. దాన్ని ఒకచోట కోసి, పక్కపోగుని అందులోంచి దాటించి, మళ్ళీ అతికించే ఎంజైమ్ ఒకటుంది. కొన్ని ముళ్ళు ఎంత సాగదీసినా, ఎటు తిప్పినా ఒక్క కోతతో విడవు అని ప్రసూన లెక్కకట్టి తేల్చింది. తెనాలిలో బట్టలకొట్టు గుమస్తా కూతురు. ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే.

“మా అమ్మ రోజూ జడచిక్కు తీస్తుంది, ఆవిడక్కూడా పీహెచ్‌డీ ఇస్తారా?” అని వాసుదేవరావు స్నేహితుల్ని నవ్వించేవాడు. అతను రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా చూసే పనిలో ఉన్నాడు. “వాడు లోకాన్ని కాపాడుతున్నాడు, నువ్వు కాస్త ఇల్లు కాపాడమ్మా,” అనేది అత్తగారు శారదాంబ.

వంకాయలు పొయ్యి మీంచి దించి, యూనివర్సిటీ ఉన్న క్లేటన్‌కి బస్సెక్కి, వేళకే వెళ్ళింది. గదిలో బోర్డు మీద ఆమె ముడే ఉంది. గీస్తున్నది మాత్రం ఆండ్రూ, ఆమె తర్వాత చేరిన విద్యార్థి.

గైడు హెలెన్ కంగారుగా ఎదురొచ్చింది. పోయిన వారం ఇంటికి ఫోన్ చేస్తే వాసుదేవరావు ఎత్తాడట. తన కాంట్రాక్టు దేశానికి అవతలి కొసనున్న పెర్త్‌కి మారిందనీ, ప్రసూన చదువు మానేస్తోందనీ చెప్పాడట.

“నీతో మాట్లాడతానన్నాను. ‘మా ఇళ్ళల్లో భర్త చెబితే భార్య చెప్పినట్టే’ అన్నారు మీ ఆయన. మీ పద్ధతిని గౌరవించాలి కదా అనుకుని, నీ పనిని ఆండ్రూకి అప్పగించాను.”

చదువు మానేస్తోందన్నది అబద్ధమని ఒక్క మాటంటే చాలు. కానీ పరాయివాళ్ళ ముందు మొగుణ్ణి తక్కువ చెయ్యకూడదని పుట్టింట్లో నేర్పిన నోరది.

“అవును,” అంది ప్రసూన. “వినిపోదామని వచ్చాను.”

చివరి వరుసలో కూర్చుంది. ఆండ్రూ బాగానే చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

సాయంత్రం వడ్డిస్తూ ఫోన్ సంగతి అడిగితే, “చెబుదామనుకుంటూనే పనిలోపడి మర్చిపోయాను. పులిహోర ఇటు,” అన్నాడు వాసుదేవరావు. ఆమె గిన్నె అందించింది.

ఆ ముడి గురించి మీరెక్కడైనా చదివితే, ఆమె పేరు కనబడదు. దాన్ని తేల్చింది జ్ఞానప్రసూన. కాస్త గుర్తుపెట్టుకోండి.