దిగిపోయిన రెండో తీగ

నేను ఒక గిటారును. ఆ మాట వినగానే మీకు కొండ అంచున కూర్చుని పాడే సినిమా హీరో గుర్తొస్తాడని తెలుసు. అలాంటి వైభోగం నాకు పట్టలేదు. కలకత్తాలో పియానోలు బాగుచేసే ఒక ఇరుకింట్లో పుట్టాను. నా పొట్ట మీద గుండ్రటి రంధ్రం ఉండదు, వయొలిన్‌కు ఉన్నట్టు అటొకటి ఇటొకటి కోతలుంటాయి. నన్ను చేసిన ముసలి మేస్త్రి ఆరు వారాలు చెక్కి, ఒక్కసారి మీటి, తల ఊపి, బీడీ ముట్టించుకున్నాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆ తర్వాత నాకు పెద్దగా దొరకలేదు.

నన్ను కొన్నది నార్మన్ పెరీరా. విశాఖపట్నం రైల్వే షెడ్డులో ఫిట్టరు. వారమంతా ఇంజిన్ల కింద దూరి, శనివారం సాయంత్రం మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, రైల్వే వాళ్ళ క్లబ్బులో డాన్సులకు నన్ను వాయించేవాడు. జాజ్ సంగీతం. పాతికేళ్ళు వాయించాం. జంటలు మా ముందే ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ తిరిగేవారు, గిటారు వైపు మాత్రం ఒక్కరూ చూసేవారు కారు. చివరికి క్లబ్బులో రికార్డులు పెట్టడం మొదలుపెట్టారు. రికార్డుకు టీ ఇవ్వక్కర్లేదు కదా. పెరీరా రిటైరయ్యాడు, భార్య పోయింది, జ్ఞానాపురంలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. గోడకు ఒక మేకు మీద నేను, పక్క మేకు మీద ఆయన గొడుగు. ఎనిమిదేళ్ళు అలా వేలాడాను. గొడుగుకైనా ఏడాదికి నాలుగు నెలలు పని ఉండేది.

అప్పుడు కెజియా వచ్చింది. పోస్టాఫీసులో గుమాస్తా, నలభైకి దగ్గరపడిన మనిషి, ఇరవై ఏళ్ళుగా చర్చిలో పాటలకు గిటారు వాయిస్తోంది.

"నాకు మూడు కార్డ్సే వచ్చండి అంకుల్. ఎన్ని పాటలైనా ఆ మూడిట్లోనే అయిపోతన్నాయి. చచ్చేలోగా నాలుగోదేటో చూడాలని ఉంది," అంది. కార్డ్ అంటే మెట్ల మీద రెండు మూడు తీగలు నొక్కి, అన్నిటినీ ఒకేసారి మీటడం.

బీచ్ రోడ్డులో ఒక హోటలు వాళ్ళు సాయంత్రాలు జాజ్ వాయించడానికి గిటారు మనిషి కావాలన్నారట. ఆరు నెలల్లో పరీక్ష. ఆ మర్నాటి నుంచి పెరీరా రోజూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున్న ఆరింటికి ఆమె వచ్చేది, ఏడున్నరకు ఆఫీసుకు పరుగెత్తేది. మిగతా రోజంతా ఆయన రేపటి ఆరింటి కోసం చూస్తూ కూర్చునేవాడు. ఆ గంటన్నర తప్ప ఆయనకు ఇంకేమీ మిగల్లేదని నాకు తెలుసు.

పాఠం చెప్పడంలో ఆయన మొరటే గానీ మంచివాడు. "ఇంటికి స్ట్రెయిట్‌గా పోవద్దు చైల్డ్. చర్చి పాటలో అలాగే పోతారు. ఇక్కడ ముందు పక్క వీధికి పో, ఎవరితోనన్నా తగువు పెట్టుకో, అప్పుడు ఇంటికి రా," అనేవాడు. ఆ పక్క వీధి ఒక కార్డ్, తగువు ఇంకో కార్డ్, ఇల్లు మూడోది. చేయంతా ఎగరేయనిచ్చేవాడు కాదు. ఒక్క వేలు ఒక్క మెట్టు కిందికి జరిగితే చాలు, మొత్తం రంగు మారిపోతుందనేవాడు. నిజమే. నా మెడ మీద పాతికేళ్ళు జరిగింది అదే.

ఇక్కడే వచ్చింది తంటా. ఆయనకు చెవులు పోతున్నాయి. షెడ్డులో ముప్పై ఐదేళ్ళ సుత్తి దెబ్బల ఫలితం. మూడో నెలకు పూర్తిగా పోయాయి. ఆ సంగతి నాకు ముందు తెలిసింది, ఎందుకంటే సముద్రపు గాలికి నా రెండో తీగ శ్రుతి కొంచెం కొంచెం దిగిపోతుంటే ఆయన పట్టించుకోలేదు. ఆమె వేళ్ళను చూసి తప్పొప్పులు చెప్పేవాడు, పెదాలు చూసి జవాబిచ్చేవాడు. చెవిటివాడినని చెబితే ఆమె రావడం మానేస్తుందని భయం. నేను చెప్పలేను, చెప్పగలిగితే మాత్రం చెప్పేదాన్నా అంటే, ఏమో.

కెజియాకు అనుమానం రాలేదా అంటారు. గురువు శ్రుతి చేసి ఇచ్చిన వాద్యం బిరడాలు ముట్టుకోవడం అమర్యాద అని ఆమె పెంపకం. ఇంట్లో ఆమెకు గిటారు లేదు. చర్చిలో ఉన్నదాని మీద డాన్సు పాటలు వాయించకూడదని పెద్దల కట్టడి. కాబట్టి జాజ్ అంటే ఆమెకు నేనే.

"కొద్దిగా పుల్లగా ఉంటాదేటి అంకుల్ ఇది?" అని ఒకసారి అడిగింది.

ఆయన పెదాలు సరిగా చూడలేదు. "అవునవును, అదే జాజ్," అన్నాడు.

ఆమె నమ్మింది. పులుపు అలవాటు చేసుకుంది, ఇష్టపడింది కూడా. విసుగెత్తిపోయి ఊరుకున్నాను.

పరీక్ష రోజు నన్ను భుజానేసుకుని హోటలుకు వెళ్ళింది. నాలుగు కార్డ్స్ అయ్యేసరికి పియానో కుర్రాడు చెయ్యెత్తాడు. "రెండో తీగ దిగిపోయిందండి."

"అది జాజండి," అంది కెజియా నమ్మకంగా.

వాళ్ళు నవ్వారు. అతను వచ్చి నా బిరడా తిప్పాడు. ఆమె మళ్ళీ వాయించింది. అవే వేళ్ళు, అవే మెట్లు. ఈసారి నా లోపలి నుంచి వచ్చిన నాదం విని ఆమె చెయ్యి ఆగిపోయింది. నాకూ ఏడుపొచ్చినంత పనైంది, చాలా కాలమైంది నేనలా మోగి. హోటలు వాళ్ళు కబురు చేస్తామన్నారు. చేయలేదు.

ఆమె తిన్నగా జ్ఞానాపురం వచ్చింది. ఆయన ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కనబడేలా నెమ్మదిగా మాట్లాడింది. "ఎన్నాళ్ళయింది అంకుల్, వినబడక?"

పెరీరా అడిగిన మొదటి మాట ఇది: "నేను చెప్పిన ఫింగరింగ్... రైటేనా?"

"అన్నీ రైటే అంకుల్. ఒక్కటీ తప్పు లేదు."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే సిక్స్‌కి రా టుమారో. నిన్నటి ట్యూన్ సగమే చెప్పాను."

ఆమె వచ్చింది. ఇంకో పదకొండు నెలలు, ఆయన పోయేదాకా వచ్చింది. శ్రుతి తనే చేసుకునేది. చివరి వారాల్లో ఆయన జ్ఞాపకం కూడా తడబడింది. ఆ ట్యూన్ ముగింపుకు ముందు ఒక చోట, మూడో వేలు ఉండాల్సిన మెట్టు వదిలేసి పక్క మెట్టు చూపించాడు. ఆమె వాయించింది. వికారంగా మోగింది. "రైటేనా?" అన్నట్టు చూశాడు. ఆమె తల ఊపింది.

ఇప్పుడు నేను కెజియా ఇంట్లో ఉన్నాను. మెడ వంగింది, మెట్లు అరిగాయి. అప్పుడప్పుడు ఆ ట్యూన్ వాయిస్తుంది. సరైన మెట్టేదో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆ చోటు వచ్చేసరికి ఆమె మూడో వేలు పక్క మెట్టు మీదే పడుతుంది, నేనూ అలాగే మోగుతాను.