ఏడో గుంత దగ్గరి నేల

బుక్కరాయసముద్రం దాటి చెరువు వెంబడి పోతే ఎడమ పక్క నలభై ఆరు ఎకరాల ఎర్రనేల కనబడుతుంది. అది గోల్ఫ్ మైదానమంటే కొత్తవాళ్ళు నమ్మరు. టీవీలో చూసే పచ్చిక అక్కడ చాపంత వెడల్పు కూడా లేదు. వానలు పడ్డ ఏడు రెండు నెలలు గడ్డి మొలుస్తుంది, గొర్రెలు వచ్చి మేసిపోతాయి, అంతే. వెనకటికి ఒక వేరుశనగ నూనె మిల్లు యజమాని బెంగళూరులో ఈ ఆట నేర్చుకుని వచ్చి, ఎవరూ నాగలి పెట్టని ఆ గరుసు నేలను కారుచౌకగా కొని, తొమ్మిది గుంతలు తవ్వించి, స్నేహితులతో కలిసి క్లబ్బు పెట్టాడు. గుంతల చుట్టూ గడ్డికి బదులు ఇసుక పోశారు. గాలికి లేచిపోకుండా ఆ ఇసుకలో కాలిన ఇంజను నూనె కలిపి, ఇనుప పట్టెతో రోజూ చదును చేయాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ పని యేసన్నది.

యేసన్నకు ఆ ఆట మీద భక్తీ లేదు, కోపమూ లేదు. పనిలో చేరిన రోజున మాత్రం, ఇంత చిన్న బంతికి ఇంత నేలా అనుకున్నాడు. ఇప్పటికీ అదే మాట అనుకుంటాడు.

ఒక బుధవారం పొద్దున క్లబ్బు ప్రెసిడెంటు జయరాముడు జీపు దిగి కేకేశాడు. పైపుల వ్యాపారం ఆయనది. రాజకీయంలోనూ ఒక కాలు ఉంది.

"ఏమప్పా యేసన్నా, యాడుండావు? ఇట్రా."

జీపు బానెట్ మీద పెద్ద కాగితం పరిచాడు. మైదానమంతా గళ్లు గళ్లుగా గీసి ఉంది. రోడ్లు, రెండు వందల చిల్లర ప్లాట్లు, మధ్యలో పార్కు.

"మెంబర్లు ముప్పై మంది. ఆడేటోళ్లు ఎందరు? ఎనిమిది మంది. ఊరేమో ఈ పక్కకే పెరుగుతాండాది. జనం ఇండ్లు లేక అల్లాడుతాంటే మనం ఈడ బంతిని తరుముకుంటా ఉండాం. నువ్వే చెప్పు, న్యాయమా?"

"న్యాయం కాదన్నా," అన్నాడు యేసన్న. మొహమాటానికి అన్న మాట కాదది.

"ఆదివారం మీటింగు. ఆ మాటే ఆడ చెప్పల్ల. ఇంద్రాణి మేడం అడ్డం పడతాది, నాకు తెలుసు. నువ్వు ఈ నేలతో బతికినోడివి, నీ మాట ఇంటారు." జయరాముడు కాగితం మీద కింది మూల వేలు పెట్టాడు. "ఇదో, ఈ వరసలో మూడు ప్లాట్లు పనోళ్లకని తీసిపెట్టినా. ఎనభై నాలుగో నంబరు నీది. ఊరికే రాసిస్తా."

యేసన్న ఆ రోజు మిగిలిన పని ఎలా చేశాడో అతనికే తెలియదు. సాయంత్రం ఇంటికి పోయి భార్య రామాంజినమ్మకు చెబితే, ఆమె చేటలోని చెనక్కాయలు అట్లాగే వదిలేసి లేచింది. కాలనీలో ఉన్నది ఒకటిన్నర గది. అందులో వీళ్లూ, యేసన్న అన్న కుటుంబమూ కలిపి తొమ్మిది మంది. కూతురు జాయ్ అనంతపురంలో ఒక ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన రోజుల్లో పెదనాయన మనవళ్ల అల్లరి మధ్య, ముఖాన దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. నిద్రపోతున్నదో లేదో ఎవరూ అడగరు. అడిగితే మాత్రం చూపించడానికి ఇంకో చోటు ఏది?

శనివారం పొద్దున ముగ్గురూ చోటు చూడడానికి పోయారు. రామాంజినమ్మ కొంగు నడుముకు చుట్టుకుని అడుగులతో కొలిచింది. "ఈడ పొయ్యి. ఈడ బోకులు తోముకునే బండ. ఈ గది పాపకు, తలుపు ఏసుకుంటే ఎవురూ పిలవకుండ," అంటూ రాళ్లు పేర్చి గుర్తులు పెట్టింది. జాయ్ నవ్వుతూ ఆ రాళ్ల మధ్యకు పోయి, లేని తలుపు వేసుకున్నట్టు నిలబడింది.

యేసన్న మాత్రం నవ్వలేదు. కాగితం మీద చూసినప్పుడు తట్టలేదు గాని, కాళ్ల కింది నేలను చూడగానే తెలిసిపోయింది. పది అడుగుల అవతల ఏడో గుంత జెండా ఉంది.

"ఇది వంక దావ," అన్నాడు.

"ఏ వంక? నీళ్లు యాడుండాయి?" అంది రామాంజినమ్మ.

"ఇప్పుడు లేవు. వానొస్తే మిట్ట మీది నీళ్లన్నీ ఈడికి దిగి చెరువులోకి పోతాయి. నేనొచ్చినంక ఆరుసార్లు ఈ గుంత ఇసుక కొట్టుకపోయింది. ఆరుసార్లూ నేనే మళ్లీ పోసినా. మొన్న ఆ పెద్ద వాన యేడు ఈ జెండా గుడ్డ ఒక్కటే పైకి కనపడ్న్యాది."

"ఈ కరువు సీమలో నీళ్లొస్తాయని భయపడేటోణ్ని నిన్నే సూస్తాండా! పునాది ఎత్తుగా ఏసుకుందాం."

జాయ్ రాళ్ల గది లోంచి బయటికి వచ్చింది. ఆ పెద్ద వాన ఏడు ఆమె వరసగా మూడు రోజులు ఆసుపత్రి వదిలి రాలేదు. మునిగిన వీధుల నుంచి ముసలివాళ్లను మంచాల మీద మోసుకొచ్చారు.

"నాయనా, ఈ పల్లంలో మొత్తం ఎన్ని ప్లాట్లు పడతాయి?"

"నూరు దాకా ఉంటాయేమో."

"అవి కొనేటోళ్లకు ఎవురు చెప్తారు?"

రామాంజినమ్మ కొంగు విప్పి ముఖం తుడుచుకుంది. "చెప్పుపో. చెప్పినంక ఏమైతే అది అయితాది. నా వంటిల్లు మాత్రం యాడో ఒక తావున నువ్వు సూపియ్యల్ల," అని ముందు నడిచింది.

మర్నాడు మీటింగుకు ముందు మూడో గుంత దగ్గర ఇంద్రాణి మేడం కనిపించింది. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. అరవై ఎనిమిదేళ్ల వయసులోనూ రోజూ తెల్లవారక ముందే టోపీ పెట్టుకుని వస్తుంది.

"యేసన్నా, నువ్వొక్క మాట చెబితే నలుగురు నా పక్కకు వస్తారు. ఈ నేల పోతే మళ్లీ రాదు. పొద్దున పూట ఊరోళ్లు నడిచేదానికి ఇంకో చోటు లేదు."

"నిజమే మేడం. కానీ ఇండ్లు వద్దని నేను చెప్పలేను."

"జయరాముడు ఏమన్నా ఇస్తానన్నాడా?"

"అన్నాడు. అనకపోయినా నా మాట అదే. మా ఇంట్లో తొమ్మిది మందిమి మేడం, ఒకటిన్నర గదిలో."

ఆమె కొట్టబోయిన బంతిని కొట్టకుండా కర్ర దించేసింది. "ఇన్నేండ్ల నుంచి రోజూ నీతో మాట్లాడతాండా. నీ ఇంట్లో ఎంతమందో ఒక్కసారన్నా అడగలేదు సూడు," అంది. తర్వాత ఆ బంతిని చేత్తోనే తీసుకుని క్లబ్బు వైపు పోయింది.

క్లబ్బు వరండాలో ఇరవై ఆరు మంది చేరారు. మొదటి గంట అంతా అరుపులే. అమ్మాలని సగం మంది, కూడదని సగం మంది. "మా నాయన ఆడిన నేల" అని ఒకరు, "మీ నాయన ఒక్కసారన్నా బంతిని గుంతలో ఏసినాడా?" అని ఇంకొకరు. టీ రెండుసార్లు వచ్చింది. అప్పుడు జయరాముడు చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"యేసన్నను అడుగుదాం. చెప్పప్పా, ఈడ ఇండ్లు కట్టచ్చునా, కట్టకూడదా?"

యేసన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "కట్టల్ల సార్. జనానికి ఇండ్లు కావల్ల, మాకు కూడా కావల్ల."

జయరాముడు తలాడించాడు. ఇంద్రాణి మేడం కిందికి చూస్తూ కూర్చుంది.

"కానీ అన్ని గుంతల మీదా కట్టకూడదు. ఐదు నుంచి తొమ్మిది దాకా వంక దావ. ఆడ కడితే మునుగుతారు. నా ప్లాటూ ఆన్నే ఉండాది. అయినా చెప్తాండా."

వరండాలో గుసగుసలు లేచాయి. "ఒక మోరీ కట్టి నీళ్లను పక్కకు మళ్లిస్తే పాయె," అన్నాడు ఒక మెంబరు.

"పక్కన మా కాలనీ ఉండాది సార్," అన్నాడు యేసన్న.

ఆ తర్వాత అరవడానికి ఎవరికీ ఊపు రాలేదు. లేఔట్ గీసిన సర్వేయరు తిప్పేష్ అక్కడే ఉన్నాడు. "మాటలెందుకు? మట్టం చూద్దాం పాండి," అని మూడు కాళ్ల పరికరం భుజాన వేసుకున్నాడు. ఎండలో పెద్దమనుషులంతా గొడుగులు, టోపీలు పెట్టుకుని యేసన్న వెనకాల నడిచారు. ఎక్కడ నీళ్లు చీలతాయో, ఎక్కడ మళ్లీ కలుస్తాయో, ఏ కంప చెట్టు మొదట్లో చెత్త ఎంత ఎత్తున చిక్కుకుంటుందో అతను చూపిస్తూ పోయాడు. అంతసేపు యేసన్న మాట్లాడగా వాళ్ళెప్పుడూ వినలేదు. ఏడో గుంత దగ్గర తిప్పేష్ పరికరంలోకి చూసి, రాసుకుని, మళ్లీ చూశాడు.

"క్లబ్బు మెట్ల కంటే పదకొండు అడుగులు పల్లం."

"ఈ మాట నాకు ముందే ఎందుకు చెప్పల్యా?" అన్నాడు జయరాముడు.

"ప్లాట్లు గీయమంటిరి, గీసినా. నీళ్లు యాడికి పోతాయని అడగలేదు గదన్నా."

జయరాముడు కోపంగా చూశాడు గాని, కోపం ఎవరి మీద చూపించాలో తెలియనట్టు కర్చీఫుతో మెడ తుడుచుకున్నాడు. "ఈ ఊర్లోనే పుట్టినా. ఈ వంక సంగతి నాకే తెలీదు." యేసన్న వైపు తిరిగాడు. "నీ ఎనభై నాలుగు పాయె గదప్పా."

"పోనీలే అన్నా."

"పోనీ అంటే ఎట్లా?" అన్నది ఇంద్రాణి మేడం. అందరూ ఆమె వైపు చూశారు. "మిట్ట మీద నాలుగు గుంతలుండాయి. రాతినేల, నీళ్లు నిలవవు. ఆడ ఇండ్లు కట్టండి, నేనే మొదటి సంతకం పెడతా. పల్లం మాత్రం ఎప్పటికీ ఖాళీగా ఉండల్ల. ఇంకో మాట, పనోళ్ల ముగ్గురి ప్లాట్లు మిట్ట మీదనే, రోడ్డు పక్క వరసలో పెట్టల్ల. ఒప్పుకుంటే చెప్పు జయరాముడూ."

"ఐదు గుంతల గోల్ఫ్ లోకంలో యాడన్నా ఉండాదా?" అన్నాడు ఒక పెద్దాయన దిగులుగా.

"ఇంజను నూనె పోసిన ఇసుక మీద గోల్ఫ్ మాత్రం యాడుండాదప్పా?" అన్నాడు ఇంకొకాయన. అందరూ నవ్వారు. జయరాముడు కూడా నవ్వాడు. నవ్వుతూనే మనసులో ప్లాట్లు లెక్కేసుకున్నాడేమో, "సరే, పేపర్లు మార్చు తిప్పేషూ," అన్నాడు.

చేతులెత్తమంటే ఇరవై ఒక్క చేతులు లేచాయి. ఆ మధ్యాహ్నం యేసన్న ఇంటికి పోయి కబురు చెబితే రామాంజినమ్మ నమ్మలేదు. జాయ్‌ను తోడు తీసుకుని మిట్ట మీదికి పోయి తన కళ్లతో చూసుకుని వచ్చాకే నమ్మింది. "రాతినేలప్పా, పునాది తవ్వేసరికి నడుములు పోతాయి," అని గొణిగింది. కానీ కొంగు మాత్రం అప్పటికే నడుముకు చుట్టుకుని ఉంది.

నిజంగానే నడుములు పోయాయి. పునాదికి ఒక్కొక్క గాడి తవ్వడానికి వారం పట్టింది. గడ్డపార తగిలినచోటల్లా బండే. యేసన్న అన్న వచ్చి సాయం పట్టాడు. తమ్ముడు కొత్తింటికి పోతే తనకూ అర గది కలిసొస్తుందని పైకే అని నవ్వాడు. క్లబ్బు వాచ్‌మన్ కుళ్ళాయప్ప పక్క ప్లాటు వాడు కావడంతో ఇద్దరూ ఒకే గోడతో సరిపెట్టుకున్నారు. పద్నాలుగు నెలలకు పైకప్పు పడింది. సున్నం వేయకముందే, పాస్టరు వచ్చి ప్రార్థన చేసిన సాయంత్రమే చేరిపోయారు. ఇంద్రాణి మేడం ఒక గోడ గడియారం తెచ్చింది. జయరాముడు నీళ్ల పైపులన్నీ తన షాపు నుంచి పంపించి, అన్నానికి చివరలో వచ్చి రెండుసార్లు పప్పు వేయించుకున్నాడు.

మరుసటి రోజు జాయ్ రాత్రి డ్యూటీ దిగి వచ్చి, తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. రామాంజినమ్మ బోకులు తోముతూ చప్పుడు కాకుండా ఒక్కొక్కటే బండ మీద పెట్టింది. పది దాటింది, పన్నెండు దాటింది, లోపలి నుంచి అలికిడి లేదు. పని మధ్యలో అన్నానికి వచ్చిన యేసన్న, "పాప లేసిందా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ష్," అంది రామాంజినమ్మ. "పండుకోనీ. నువ్వు బయట కూచుని తిను."

యేసన్న సంగటి పళ్లెం పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. కింద పల్లంలో ఇంద్రాణి మేడం దగ్గర ఒక కొత్త మెంబరు బంతిని ఎట్లా కొట్టాలో నేర్చుకుంటున్నాడు. బంతి ఎటో పోయింది. ఇద్దరూ వెతుకుతున్నారు. అది ఎక్కడ పడిందో యేసన్నకు అక్కడి నుంచే కనబడుతోంది. తిన్నాక పోయి చెబుదాంలే అనుకుని, ఉల్లిపాయ కొరికాడు.