ఏమీ అడగని సీసా

ఈ ఇంట్లో నన్ను ఏమీ అడగని వస్తువు ఒక్కటే ఉండేది. అది కూడా నేనే చేసుకున్నాను.

మా అమ్మ నిమ్మకాయ పచ్చడి పెట్టి పంపిన పెద్ద గాజు సీసా అది. కడిగి కడిగి వాసన పోగొట్టి, అడుగున గులకరాళ్ళు, వాటి మీద ఇస్త్రీ బండాయన్ని అడిగి తెచ్చుకున్న బొగ్గు ముక్కలు, ఆ పైన జల్లించిన మట్టి వేశాను. డాబా మీద ట్యాంకు కారి కారి గోడకి పచ్చగా నాచు పట్టి ఉంటే, అట్లకాడతో అట్టు తీసినట్టు తీసి మట్టి మీద పరిచాను. ఆ గోడ పగుల్లోనే మొలిచిన బుల్లి ఫెర్న్ మొక్కని మధ్యలో నాటాను. నరసరావుపేట బోరు నీళ్ళకి మంచినీళ్ళ గ్లాసులే తెల్లగా చారలు కడతాయి, అందుకని క్యాను నీళ్ళు చిలకరించి మూత బిగించాను. దీన్ని టెర్రేరియం అంటారని ఫోన్లో చూసి నేర్చుకున్నదే. లోపలి తడే ఆవిరై సీసా గోడకి పట్టి, మళ్ళీ మట్టిలోకి జారుతుంది. ఎండ నేరుగా తగలనిచోట పెడితే చాలు, నెలల తరబడి నీళ్ళు కూడా అడగదు.

నాకు కావలసింది అదే. ప్రైవేటు హాస్పిటల్ ల్యాబులో పొద్దుటినుంచి నిలబడి బ్లడ్ శాంపిల్స్ తీసి తీసి ఇంటికొస్తే, మామయ్యకి అన్నం, మామయ్యకి మాత్రలు, మామయ్యకి వేడినీళ్ళు. మా ఆయన హరికృష్ణ నాపరాళ్ళ లారీ తోలతాడు. ఇంటికొచ్చేది నిద్రపోవడానికే. ఏ సాయంత్రమైనా కాస్త సందు దొరికితే స్టూలు లాక్కుని ఆ సీసా ముందు కూర్చునేదాన్ని. ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అనలేదు.

మా మామయ్య ఆదినారాయణ మిర్చి రైతు. నల్లతామర పురుగు వచ్చిన ఏడు పూతంతా రాలిపోతే, మనసు విరిగి పొలం కౌలుకిచ్చి మా దగ్గరికొచ్చాడు. అప్పట్నుంచీ వరండాలో కుర్చీ, కుర్చీలో ఆయన. తాగిన గ్లాసు తీసి సింకులో వెయ్యడు. అత్తయ్య బతికున్నన్నాళ్ళూ వెయ్యనివ్వలేదట. నేనూ అడగలేదు. కోడలు మామగారికి పని చెప్పడమేంది అనే ఇంట్లోనే నేనూ పెరిగాను.

ఆ సీసాని మాత్రం వింతగా చూసేవాడు.

"నీళ్ళు పొయ్యకుండా చెట్టేందమ్మాయ్?"

"దానికేమీ అక్కర్లేదు మావయ్యా. మీరు ముట్టుకోకండి, అంతే."

మొన్న మా ల్యాబులో ఇంకో అమ్మాయి వారం రోజులు సెలవు పెడితే ఆమె డ్యూటీ కూడా నా నెత్తినే పడింది. ఇంటికొచ్చి పడుకోవడమే గానీ సీసా వంక చూసింది లేదు. ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు తోమి స్టూలు లాక్కుని కూర్చుంటే, ఫెర్న్ నల్లగా వాలిపోయి ఉంది. నాచు తుప్పు రంగుకి తిరిగింది. మూత తీశాను. గుప్పున మిర్చి చేలో మందు కొట్టిన వాసన. కళ్ళు మండాయి.

"మావయ్యా, ఇందులో ఏం పోశారు?"

కుర్చీలోంచి లేచి వచ్చాడు. మంచిపని చేసినవాడి మొహమే పెట్టుకుని వచ్చాడు.

"నలుసంత నలుసంత తెల్ల పురుగు పడిందమ్మాయ్. నీకు చూసే తీరిక లేదు గదా. ఊర్నుంచి తెచ్చుకున్న మందు డబ్బాలో అడుగున కాస్త ఉంటే కలిపి కొట్టా. మందు బయటికి పోకుండా మూత కూడా బిగించా."

"అవి మంచి పురుగులు మావయ్యా. బూజు తిని బాగుచేస్తాయి. నేనే ఉండనిచ్చాను."

"మంచి పురుగేంది?" ఆయన నిజంగానే అర్థంకాక అడిగాడు. "ఆ ఏడు పూలల్లో ఇట్టాగే నలుసంత కనపడింది. రేపు చూద్దాంలే అనుకున్నా. చేనంతా పోయింది."

జాలిపడాల్సిన మాటే. నాకు జాలి రాలేదు, ఒళ్ళు మండింది.

"ఈ కొంపలో నాకంటూ ఉన్నది అదొక్కటే. దాన్ని కూడా ఉంచలేదు మీరు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద గొంతు లేపింది అదే మొదలు. ఆయన వంగి సీసాలోకి చూశాడు.

"ఇంకోటి చేద్దాం," అన్నాడు. "ఏం చెయ్యాల్నో చెప్పు, నేను చేస్తా."

"చెయ్యడానికేమీ ఉండదు మావయ్యా. ఏమీ చెయ్యకుండా చూస్తా కూర్చోవడమే."

"అదే నా వల్ల కావట్లేదమ్మాయ్." గొంతు బాగా తగ్గించాడు. "చేను వదిలి వచ్చినకాడ్నుంచీ అదే పని. పొద్దు పొడిచిందంటే భయమేస్తంది, మాపటిదాకా ఎట్టా కూర్చోవాల్నా అని."

నేను ఇన్నాళ్ళూ ఆ కుర్చీని చూసి కుళ్ళుకున్నాను. హాయిగా కూర్చున్నాడు ముసలాయన, నేను చస్తున్నాను అని. నాకేమో చెయ్యలేక ప్రాణం పోతోంది, ఈయనకేమో చెయ్యడానికేమీ లేక పోతోంది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి, మర్యాద పేరుతో ఒక్క మాట చెప్పుకోలేదు.

సీసాలో మట్టంతా కవర్లోకి వంచి మూట కట్టాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు. వంటింట్లో గంపెడు చిక్కుడుకాయలు నార తియ్యాల్సి ఉన్నాయి. తెచ్చి ఆయన ముందు పెట్టాను. పెడుతుంటే నాకే బెరుకుగా ఉంది.

"ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి," అన్నాను. కడుక్కొచ్చి కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

వెళ్ళి మంచం మీద వాలాను. కళ్ళు తెరిచేసరికి గదిలో వెలుతురు తగ్గింది. పట్టపగలు నిద్రపోయి ఎన్నేళ్ళయిందో. లేచి వచ్చి చూస్తే చిక్కుడుకాయలు శుభ్రంగా తుంచి గిన్నెలో వేసి ఉన్నాయి, పుచ్చువి వేరే కుప్ప. ఆయన చేతులు పంచెకి తుడుచుకుని నా వంక చూశాడు.

"ఇంకేముందమ్మాయ్?"

ఈ ఇంట్లో ఆ మాట నన్నెవరూ అడగలేదు. అప్పుడొచ్చింది ఏడుపు. గిన్నె పక్కకి జరిపి అక్కడే కూర్చున్నాను.

"చానా ఉంది మావయ్యా," అన్నాను.