ఇద్దరు వీరభద్రుల మధ్య నేను

నేను ఒక రౌటర్‌ని. తెల్ల ప్లాస్టిక్ ఒళ్ళు, నెత్తిన రెండు కొమ్ములు, ముఖాన ఐదు ఆకుపచ్చ దీపాలు. ప్రస్తుతం కాకినాడ రామారావుపేటలో ఒక మేడింటి మెట్ల కింద, పాత సామాన్ల బుట్టలో, ఊచలు విరిగిన గొడుగు పక్కన పడి ఉన్నాను. నాలో ఏ లోపమూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ ఇంట్లో నా మొర ఆలకించే నాథుడు లేడు.

ఎక్కడో ఫ్యాక్టరీలో వందలమంది తోబుట్టువులతో పాటు పుట్టాను. నాకు నేర్పిన విద్య ఒక్కటే. ఒక కంప్యూటర్ ఇచ్చినదాన్ని ఇంకో కంప్యూటర్‌కి చేర్చాలి. పోస్ట్‌మన్ పని. చిరునామా సరిగ్గా ఉంటే చేరుస్తాను, లేకపోతే చేర్చను. ఇంత చిన్న సంగతి బుర్రకెక్కని మనుషులు తమను తాము తెలివైనవాళ్ళమని చెప్పుకు తిరుగుతారు.

మొదట్లో ఒక పెళ్ళిసంబంధాల ఆఫీసులో ఉండేదాన్ని. బట్టతలలకి జుట్టు మొలిపించిన ఫొటోలు, ముప్పై ఎనిమిదేళ్ళవాణ్ణి ముప్పై ఒకటికి దింపిన బయోడేటాలు, అన్నీ నా గుండానే వెళ్ళేవి. మనుషుల మీద ఉన్న గౌరవంలో సగం అక్కడే పోయింది. ఆ ఆఫీసు మూసేశాక శేషాచలపతిగారు నన్ను తెచ్చుకుని, మిగతా సగం కూడా పోగొట్టారు.

ఈయన కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. వైరున్న ప్రతి వస్తువూ తన కింద పనిచేసే హెల్పరే అని ఆయన నమ్మకం. కొడుకు పురుషోత్తం ఎరువుల కంపెనీలో సేల్స్ చూస్తాడు. ఫోన్‌లో రెండు వీడియోలు చూసి, మూడో వీడియో తీసినవాడికే పాఠం చెప్పగల ఘనుడు. తండ్రీ కొడుకుల్లో ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్ళు. ఇక మూడో మనిషి కోడలు సువర్చల. పెళ్ళికి ముందు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేది. ఈ ఇంట్లో ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు.

వీళ్ళ ఇలవేల్పు వీరభద్రుడు. ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా ఆయన పేరే పెడతారు. స్కూటర్ మీద వీరభద్ర, నీళ్ళ మోటార్ మీద వీరభద్ర, చివరికి గ్రైండర్ పొట్టమీద కూడా ఎర్ర పెయింట్‌తో వీరభద్ర. మేడమీద ఉన్న పాత కంప్యూటర్‌కి ఏడేళ్ళ కిందటే ఆ పేరు పెట్టారు. మొన్న దసరాకి హాల్లోకి కొత్త కంప్యూటర్ తెచ్చారు. ఏం పేరు పెట్టాలని అది అడిగింది.

"ఇంకేం పేరురా, స్వామి పేరే కొట్టు," అన్నారు శేషాచలపతిగారు. పురుషోత్తం కొట్టాడు.

ఇప్పుడు నా గతి చూడండి. ఒకే వీధిలో ఇద్దరు వీరభద్రులు. 'వీరభద్రకి' అని ఉత్తరం వస్తే ఏ ఇంట్లో వెయ్యను? మేడమీది కంప్యూటర్ వేసిన ప్రతిసారీ తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుని, ఈ పేరుతో ఇక్కడ ఇంకొకటి ఉందని చక్కగా చెబుతోంది కూడా. పురుషోత్తం దాన్ని ఈగని తోలినట్టు తోలేసేవాడు.

ఆ దసరాకే ఇంకో ఘనకార్యం జరిగింది. ఆయుధపూజనాడు శేషాచలపతిగారు భక్తి పొంగి, పాత కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ పెట్టే కన్నాలన్నిటికీ తడి కుంకుమ అద్దారు. పైపైన కాదు, వేలితో లోపలికి. ఎండాక అది సిమెంటులా బిగుసుకుంది. స్వామి సంతోషించే ఉంటాడు. గుండ్రటి కన్నాల్లో ఉన్న కీబోర్డూ మౌసూ బతికిపోయాయి, పెన్‌డ్రైవ్ మాత్రం మళ్ళీ పనిచెయ్యలేదు.

సువర్చల ప్రాణమంతా ఆ పాత కంప్యూటర్‌లోనే ఉంది. రెండేళ్ళుగా మధ్యాహ్నాలు వంటిల్లు సర్దేసి, మేడమీద కూర్చుని, పదో తరగతి పిల్లల కోసం ఫిజిక్స్ ప్రశ్నల పుస్తకం టైపు చేసింది. రెండువందల పన్నెండు పేజీలు. విజయవాడలో ఒక ప్రచురణకర్త వేస్తానన్నాడు. శనివారం సాయంత్రం ఐదులోపు పంపండి, లేకపోతే ఈ ఏటికి ఇంకొకరి పుస్తకం వేసుకుంటానన్నాడు. పాత కంప్యూటర్ వయసుకి ఈ కాలపు మెయిల్ తెరుచుకోదు. పుస్తకం మేడ దిగి హాల్లోని కంప్యూటర్‌లోకి వస్తేనే బయటికి వెళ్తుంది. మధ్యలో ఉన్నది నేను.

గురువారం పొద్దున మగవాళ్ళిద్దరూ రంగంలోకి దిగారు. నన్ను ఆపి వేశారు, వేసి ఆపారు. పురుషోత్తం కనపడిన ప్రతి సెట్టింగూ తిప్పి, ఫోల్డర్లన్నిటి తలుపులూ బార్లా తెరిచాడు. శేషాచలపతిగారు నా కొమ్ముల్ని తూర్పుకి తిప్పారు. ఆనక నా స్థానం బాగాలేదని, ఫ్రిజ్ మీంచి తీసి ఈశాన్యం మూల స్టూలు మీద కూర్చోబెట్టారు. శుక్రవారం నా వీపు మీద రెండు చరిచారు. కరెంటాఫీసులో రేడియో అలాగే బాగుపడేదిట.

సువర్చల మేడ మెట్ల మీంచి మెల్లగా అంది: "మావయ్యగారూ, పైన కంప్యూటర్ వేసినప్పుడల్లా పెట్టెలో ఏదో రాసి వస్తోందండీ. ఓసారి చదివి చూస్తే..."

"అలాంటివి వస్తూనే ఉంటాయమ్మాయ్. అన్నీ చదువుతూ కూర్చుంటే ఇంక పనవుతుందా?"

"మేం చూస్తున్నాం కదే, నువ్వెళ్ళి టీ పెట్టు," అన్నాడు పురుషోత్తం.

ఆవిడ వెళ్ళి టీ పెట్టింది. నిజం చెప్పద్దూ, అప్పుడు ఆవిడ మీద కూడా నాకు ఒళ్ళు మండింది. చదివిన మనిషి, చదవనివాళ్ళ మాట విని ఊరుకుంది.

శనివారం పన్నెండింటికి తీర్పు వచ్చింది. "దీని పనైపోయిందిరా. సెకండ్‌హ్యాండ్‌ది మరి, ఎన్నాళ్ళు చేస్తుంది?" అన్నారు శేషాచలపతిగారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నా వైర్లు పీకి మెట్ల కింద బుట్టలో పడేశారు. భోంచేసి, కొత్తదాన్ని తేవడానికి ఇద్దరూ వీరభద్ర స్కూటరెక్కి వెళ్ళిపోయారు.

గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. సువర్చల హాల్లో కాసేపు నిలబడింది. తర్వాత వచ్చి బుట్టలోంచి నన్ను తీసింది, కొంగుతో తుడిచింది, వైర్లన్నీ ఎక్కడివక్కడ పెట్టింది. పొరపాటు లేదు, ఫిజిక్స్ టీచరు కదా. మేడమీద కంప్యూటర్ వేసింది. పెట్టె తెరుచుకుంది. ఈసారి తోలేవాళ్ళు లేరు. చివరిదాకా చదివింది.

స్వామి పేరు చెరపడానికి ఆవిడకి చెయ్యాడలేదు. లెంపలేసుకుంది. "ఒకచోట ఉంటే చాలదా స్వామీ," అని గొణుక్కుని పాత పేరు తీసేసింది. ఖాళీ గడి ముందు ఎంతసేపో కూర్చుంది. ఈ ఇంట్లో ఏ వస్తువు మీదా లేని పేరొకటి టైపు చేసింది. సువర్చల.

కంప్యూటర్ ఆపి వేసేసరికి నాకు దారి కనిపించింది. రెండువందల పన్నెండు పేజీల్నీ నిమిషంలో హాల్లోకి దించాను. అక్కణ్ణించి విజయవాడ పంపేశాను. ప్రచురణకర్త దగ్గర్నించి 'అందింది' అని జవాబొచ్చేసరికి నాలుగు దాటింది. ఆవిడ రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. నేను ఐదు దీపాలూ వెలిగించుకుని కూర్చున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఆనందంగా ఉంది. మగవాళ్ళు రాగానే ఈవిడ నన్ను చూపించి నాలుగు మాటలు అడిగేస్తుందని ఎదురుచూశాను.

వీధిలో స్కూటర్ చప్పుడైంది. సువర్చల గబగబా నా వైర్లు తీసేసింది. మళ్ళీ బుట్ట దగ్గరికి తీసుకొచ్చి, గొడుగు పక్కన మెల్లగా పడుకోబెట్టింది.

"ఏమనుకోకు," అంది.

మనుషులు తిట్టకుండా నాతో మాట్లాడటం అదే మొదలు. ఈ ఇంటివాళ్ళందరినీ ఛీకొట్టిన నాకు, ఆవిణ్ణి ఛీకొట్టడానికి మనసు రాలేదు. ఆవిడ ఈ ఇంట్లోనే బతకాలి.

కొత్తది వచ్చింది. నల్లగా, నాలుగు కొమ్ములతో. బొట్టు పెట్టి కరెంటిచ్చారు, ఫైళ్ళు కనిపించాయి. "చూశావా! పాత దరిద్రం వదిలింది," అని శేషాచలపతిగారు తొడ చరిచారు. సువర్చల టీ తెచ్చింది.

పుస్తకం జనవరిలో వచ్చింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ శేషాచలపతిగారు ముందుమాట చివరి వాక్యం పైకి చదివి వినిపిస్తున్నారు: "కంప్యూటర్ విషయంలో ఎంతో శ్రమపడిన మా మావయ్యగారికీ, మావారికీ నా కృతజ్ఞతలు." ఆ ఒక్క వాక్యం మాత్రం శ్రద్ధగానే చదువుతారు.

మెట్ల కింద నుంచి నాకు హాల్లో తెర కనిపిస్తుంది. సాయంత్రాలు తండ్రీ కొడుకులు మేడమీది కంప్యూటర్‌లోంచి పాత సినిమాలు తెచ్చుకుంటారు. తెర మీద రెండు పేర్లు వస్తాయి. పైన సువర్చల, కింద వీరభద్ర. రోజూ ఆ పై పేరు మీద నొక్కుతారు. అది అక్కడికి ఎలా వచ్చిందని ఇద్దరిలో ఒక్కరూ ఇంతవరకు అడగలేదు.