మూడోసారి కూలిన గోడ

1968 ఆషాఢంలో, గజపతినగరానికి ఎగువన కొండవాగు మీద కడుతున్న పవర్‌హౌస్ గోడ మూడోసారి కూలింది. ఈసారి దాని కింద కూలి గంగులు ఉండిపోయాడు. శవాన్ని బయటికి లాగకముందే కాంట్రాక్టరు రంగనాథం, ‘కూలీల నిర్లక్ష్యం’ అని గుమాస్తా చేత రాయించాడు. మర్నాటి నుంచి అందరి కూలిలోనూ కోత పడింది.

మట్టిగంపలు మోసే దాలమ్మకు ఆ కోత కంటే తోటికూలి అసిరమ్మ మీదే ఎక్కువ కడుపుమంట. ఆ కొండవాలు నీరు తాగితే జారుతుందని అసిరమ్మ పునాది తవ్వేనాడే చెప్పింది. ఇప్పుడు మగాళ్ళు సైతం ఆమె చుట్టూ చేరి మీటింగులు పెడుతున్నారు. ఊడ్పులకైనా రోడ్డుపనికైనా పదేళ్ళుగా ఆ ఆడకూలీలకు దాలమ్మే పెద్దదిక్కు. ఇప్పుడామె మాట అడిగేవాళ్ళే లేరు.

ఆ మంట రంగనాథం కనిపెట్టాడు.

“ఖర్చెందుకు పెరిగింది, ఇంకెంత పెరుగుతుంది అని తేల్చడానికి ఆఫీసరు వస్తున్నాడు. అసిరమ్మే పని చెడగొట్టిందని చెప్పు. నిన్ను మేస్త్రీని చేస్తాను.”

దాలమ్మ సరేనంది.

ఆఫీసరు గుడారం ముందు కుర్చీ వేయించుకున్నాడు. పక్కనే పోలీసు జీపు. ఎదురుగా కూలీలంతా నిలబడ్డారు.

“గోడ ఎందుకు పడింది?”

గంగులు పెళ్ళాం లక్ష్మణమ్మ, అసిరమ్మ భుజానికి ఆనుకుని ఉంది. దాలమ్మ అదీ ఓర్వలేకపోయింది. నోరు తెరిచింది. లక్ష్మణమ్మ కళ్ళు తననే చూస్తున్నాయి.

“ఈ అసిరిని సూత్తే నాకు వొళ్ళు మండుతాది బాబూ. అయినా అబద్దం ఆడనేను. కొండ జారతాదని ఇది ముందే సెప్పింది. ఈ రంగనాథం బాబు నవ్వాడు. పక్కనే ఉండి నానూ నవ్వాను.”

రంగనాథం దగ్గాడు. ఆఫీసరు ‘ముందుగా ఊహించలేని కారణం’ అని రాసుకున్నాడు. ఖర్చు ఇంకా పెరగకుండా ఉండాలంటే కోత తప్పదన్నాడు.

“ఊయించలేందేటి?” అసిరమ్మ ముందుకొచ్చింది. “నాను సెప్పింది రాయండి. గంగులు ఎలాగ సచ్చిపోనాడో రాయండి. అందాకా గంప ఎత్తం.”

గంపలు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి. పోలీసులు అసిరమ్మను రెక్క పట్టి జీపెక్కించారు. జనమంతా ఆమె పేరే అరుస్తుంటే దాలమ్మకు గుండెల్లో మళ్ళీ భగ్గుమంది. విసురుగా వెళ్ళి జీపుకు అడ్డంగా కూర్చుంది.

“లే,” అన్నాడు హెడ్డు కానిస్టేబులు.

“అది సెప్పింది, నాను విన్నాను. నన్నొగ్గేసి దాన్నొక్కద్దాన్నే తీసుకెల్తారేటి?”

లక్ష్మణమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. వెనకే ఆడకూలీలు, రాళ్ళు కొట్టే మగాళ్ళు. దారి నిండిపోయింది. చినుకులు మొదలయ్యాయి.

“అప్పా, తడిసిపోతన్నావు. కొంగు కప్పుకో,” అంది జీపులోంచి అసిరమ్మ.

“నువ్వు సెప్పక్కర్లేదు,” అంది దాలమ్మ, కదలకుండా.

డ్రైవరు ఇంజను ఆపేశాడు.