నీల్దా జడుసుకున్న చోటు

ఆ వారం ఆ ఇంట్లో కాలూ చెయ్యీ సరిగ్గా ఉన్న మనిషి సతుర్నీనా ఒక్కతే.

సోమవారం పొద్దున పెద్దపిల్ల దేలియాకి గవదబిళ్లలు లేచాయి. రెండు దవడలూ ఉబ్బిపోయి, గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా ఎర్రగుడ్డ కట్టించుకుని, అద్దంలో చూసుకుని ఏడ్చింది. ఏడిస్తే ఇంకా నొప్పి పుడుతోందని మానేసింది. మంగళవారం సాయంత్రం మొగుడు ఫ్లోరియాన్ నీలగిరి చెట్టు దుంగలు చీలుస్తూ గొడ్డలి కాలి మీద వేసుకున్నాడు. ఏడు కుట్లు పడ్డాయి. బుధవారం చిన్నపిల్ల నీల్దా గొర్రెల దొడ్డి గోడ మీంచి పడింది. గురువారం అత్తగారు ఎన్కార్నా మోకాళ్లకి కాపడం పెట్టుకోబోయి వేణ్ణీళ్లు చేతిమీద ఒంపుకుంది.

"ఇంక మిగిలింది నువ్వూ కుక్కా," అంది ఆవిడ, కాలిన చెయ్యి చన్నీళ్లలో ముంచుకుని. "కుక్కని కాస్త జాగ్రత్తగా చూసుకో. అది కూడా పడుకుంటే గొర్రెలు ఎవరు కాస్తారు?"

సతుర్నీనాకి నవ్వే తీరిక లేదు. కొండ మీద ఇంకా ఎండ పడకముందే లేచి పొయ్యి రాజేసేది. మొగుడికి మాత్ర, అత్తగారి మోకాళ్లకి కషాయం, చేతికి ఆముదం లాంటి నల్లటి మందు, దేలియా దవడలకి వెచ్చటి బూడిద మూట. అన్నీ ఒకదాని వెనకాల ఒకటి అయిపోయేవి. ఫ్లోరియాన్ మంచం మీంచి "సతుకా, నీళ్లు" అంటే నీళ్లు, "సతుకా, కాలు తిమ్మిరి" అంటే కాలు. ఈ పనులకి ఆమె ఎప్పుడూ బెదరలేదు. దెబ్బ కనబడుతుంది, వాపు కనబడుతుంది. కనబడేదానికి ఏదో ఒకటి రాయొచ్చు, కట్టొచ్చు.

నీల్దాకే ఏదీ కనబడలేదు.

ఐదేళ్ల పిల్ల. గోడ మీంచి గడ్డివాము మీద పడింది. మోచేయి గీసుకుపోయింది, అంతే. కానీ పడిన దగ్గర్నుంచీ మాట లేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటుంది. గిన్నె చూపిస్తే మొహం తిప్పేస్తుంది. ఎంతో బతిమాలితే రెండు గుక్కలు పంచదార నీళ్లు తాగుతుంది. ఆరోగ్యకేంద్రం నర్సు గ్లాదిస్ ఇంటికొచ్చి పిల్లని కాళ్ల నుంచి తల దాకా తడిమి చూసింది. కళ్లలో లైటు వేసింది.

"ఎముకలన్నీ బాగున్నాయి సతుర్నీనా. తలకి దెబ్బ లేదు. కానీ తినకపోతే ఎట్లా? నీళ్లు మాత్రం మానకుండా పట్టు. సోమవారానికి ఇలాగే ఉంటే మాత్రం కుస్కో పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. సెలైన్ పెట్టాలి."

నర్సు వెళ్లాక అత్తగారు అంది. "జడుపు ఇది. గోడ మీంచి పడ్డప్పుడు పిల్ల జీవం అక్కడే ఉండిపోయింది. వెళ్లి పిలుచుకురా."

పిలవడం సతుర్నీనాకి తెలుసు. దేలియాని కుక్క తరిమినప్పుడు ఆమే పిలిచింది, ఫ్లోరియాన్‌ని చిన్నప్పుడు వాళ్లమ్మ పిలిచిందట. పొద్దు వాలే వేళ పిల్ల స్వెట్టరు తీసుకుని, అందులో రొట్టెముక్క చుట్టి, పడిన చోటికి వెళ్లాలి. స్వెట్టరు ఊపుతూ పేరు పెట్టి పిలవాలి. పిలిచి, వెనక్కి తిరిగి చూడకుండా, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికొచ్చి ఆ స్వెట్టరు పిల్లకి తొడగాలి. తల్లి పిలిస్తే తొందరగా వస్తుంది. తల్లి గొంతు గుర్తుపడుతుంది గదా.

సతుర్నీనా గొంతు గుర్తుపట్టనివాళ్లు ఆ లోయలోనే లేరు. ఆమె వాకిట్లో నిలబడి ఒక్క కేక వేస్తే అవతలి గట్టు మీది గొర్రెలు మేత ఆపి తలలెత్తేవి.

గురువారం సాయంత్రం దొడ్డి గోడ దగ్గర నిలబడి అదే గొంతుతో, ముద్దుపేరు పెట్టి పిలిచింది. "నీల్దాచా! రావే తల్లీ! ఇంటికి పోదాం రా! ఇక్కడుండకు, చలేస్తుంది! నీల్దాచా!" కొండ ఆ పేరుని తిరిగి ఆమెకే చెప్పింది. స్వెట్టరు గుండెకి అదుముకుని వెనక్కి చూడకుండా వస్తుంటే పక్కింటి మెల్చోరా ఎదురైంది.

"ఏమ్మా, మీ ఆయన కాలెట్లా ఉంది?"

సతుర్నీనా మాట్లాడకుండా దాటిపోయింది.

"ఓహో! పలకరిస్తే పలకవు కూడానా? నా ఆటోలోనే గదమ్మా మొన్న తీసుకెళ్లింది!" అని మెల్చోరా వెనకనుంచి అరిచింది. తెల్లారాక విషయం చెప్పి సతుర్నీనా ఆమెకి నాలుగు గుడ్లు ఇచ్చి రావాల్సి వచ్చింది.

శుక్రవారం పిలిచింది. శనివారం ఇంకా గట్టిగా పిలిచింది. స్వెట్టరు తొడిగించుకుని పిల్ల కళ్లు మూసుకుని పడుకునేది. ఆదివారానికి నీల్దా పెదాలు పొట్టు రేగాయి. చేతులు పట్టుకుంటే వెదురు పుల్లల్లా ఉన్నాయి. ఫ్లోరియాన్ మంచం మీంచే రేపటి బస్సు గురించి మాట్లాడాడు. "ఆరింటికి. నేను రాలేను. అమ్మా రాలేదు. నువ్వొక్కదానివే ఎత్తుకెళ్లాలి."

"ఎత్తుకెళ్తా. బరువేముంది దాన్లో?" అంది సతుర్నీనా. అని, బయటికెళ్లి కట్టెలు తెచ్చే నెపంతో కాసేపు అక్కడే నిలబడింది.

మధ్యాహ్నం కీన్వా గింజల జావ కాచింది. గది చల్లగా ఉంది, పొయ్యి దగ్గర కూచోబెట్టి తాగిద్దామనుకుంది. నీల్దాని దుప్పటితో సహా ఎత్తుకుని వంటింటివైపు నడిచింది. గుమ్మం దాటబోతుంటే పిల్ల ఒక్కసారిగా బిగుసుకుపోయింది. దుప్పట్లోంచి రెండు చేతులూ బయటికి తీసి గుమ్మం పట్టెని పట్టుకుంది. సతుర్నీనా లాగింది. రాలేదు. నాలుగు రోజులు తిండి లేని పిల్ల పట్టు కాదది.

"ఏమే? ఏమైందే? పొయ్యి దగ్గరేనే, వెచ్చగా ఉంటుంది."

నీల్దా కళ్లు గట్టిగా మూసుకుంది. పట్టు వదల్లేదు.

"అది వంటింట్లోకి రాదమ్మా," అంది దేలియా వెనకనుంచి. దవడలు కదలక మాట ముద్దముద్దగా వస్తోంది. "మంగళవారం నుంచీ రావట్లేదు. గినీపందులకి గడ్డి కూడా నేనే వేస్తున్నా."

"మంగళవారం ఏంటే? అది పడింది బుధవారం."

"పడకముందే. మంగళవారం రాత్రి కూడా మాట్లాడలేదు. రోజూ కథ చెప్పు కథ చెప్పు అని ప్రాణం తీస్తుందిగా, ఆ రోజు అడగలేదు. నా దవడలు చూసి జాలిపడిందేమో, పోన్లే అనుకున్నా."

సతుర్నీనా పిల్లని మళ్లీ మంచం మీద పడుకోబెట్టింది. వచ్చి వంటింటి గుమ్మంలో కూలబడింది.

మంగళవారం. పొయ్యి మీద కుండ పొంగుతోంది. నీల్దా పొయ్యి పక్కన నేలమీద కూర్చుని ఒడినిండా గడ్డి పెట్టుకుని, వంటింట్లోనే పెంచుకునే గినీపందులకి ఒక్కొక్క పోచే అందిస్తూ వాటితో ఏదో కబుర్లాడుతోంది. అప్పుడు ఫ్లోరియాన్ తలుపు పట్టుకుని లోపలికొచ్చాడు. బూటు లోంచి రక్తం గచ్చు మీద కారుతోంది. తన చేతిలోంచి గరిటె పడిపోయింది. తను అరిచింది. ఏమని అరిచింది? "సచ్చిపోతాడు! మరియమ్మ తల్లీ, ఈయన సచ్చిపోతాడు!" అని. ఒకసారి కాదు. అరుస్తూనే గుడ్డ కోసం ఇటు తిరిగింది. దారికి అడ్డంగా ఏదో ఉంటే భుజం పట్టి అవతలికి తోసింది. "పో అవతలికి!" ఆ అడ్డం ఉన్నది నీల్దా. దాని మొహం ఎలా ఉందో చూడలేదు. ఆటో వచ్చింది, ఆరోగ్యకేంద్రానికి పోయారు, తిరిగొచ్చేసరికి పిల్లలు దుప్పట్లో ఉన్నారు. పెద్దదాన్ని చూసింది, వాపు తగ్గిందా లేదా అని. చిన్నది బాగానే ఉందనుకుంది. దానికి అప్పటికి ఏ దెబ్బా లేదు మరి.

మాట ఆగిపోయిందని పడ్డాకే తెలిసింది. అందుకని పడ్డం వల్లే అనుకున్నారు.

ఇదంతా అత్తగారికి చెప్పింది. ఎన్కార్నా కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చివరిదాకా వింది.

"అయితే మూడు సాయంత్రాలు గొర్రెల దొడ్డిని పిలిచావన్నమాట. వచ్చిన జీవాలు ఏవైనా ఉంటే గొర్రెలవే అయ్యుంటాయి."

"మీరు పిలవండి అత్తమ్మా ఈసారి. నేను పిలిస్తే రాదు. నా గొంతు వినే గదా అది పారిపోయింది."

"నేను పిలిస్తే నాయనమ్మ ఏదో గొణుక్కుంటోంది అనుకుంటుంది," అంది ఎన్కార్నా. "నువ్వే పిలవాలి. కాకపోతే మెల్లగా పిలు. మెల్లగా మాట్లాడ్డం వచ్చా నీకసలు? పెళ్లైన కొత్తలో కూడా వినలేదు నేను."

"వచ్చు," అంది సతుర్నీనా, గట్టిగా.

పొద్దు వాలింది. పొయ్యిలో నిప్పులు మాత్రం ఉన్నాయి. స్వెట్టరులో రొట్టెముక్క చుట్టుకుని, ఆ రోజు నీల్దా కూర్చున్న చోటే నేలమీద కూర్చుంది. గినీపందులు మూలకి పోయి గుసగుసలాడాయి. పక్కగదిలో అందరూ ఉన్నారు, తలుపు తెరిచే ఉంది. తనని అందరూ వింటారు. దొడ్డి దగ్గర లోయంతా విన్నా సిగ్గనిపించలేదు. ఇక్కడ సిగ్గేసింది.

"నీల్దాచా," అంది. మెల్లగా అంటే అది తన గొంతులా లేదు. మళ్లీ అంది. "నీల్దాచా. రా తల్లీ. ఇక్కడే ఉన్నావు గదా ఇన్నాళ్లూ. నేను ఎక్కడెక్కడో వెతికాను."

పిలుపులో ఉండే మాటలన్నీ గట్టిగా అనేవే. అందుకని ఊరికే మాట్లాడింది.

"నేనేనే అరిచింది. నీ మీద కాదు. రక్తం చూసి భయపడ్డాను. పెద్దవాళ్లకి భయం వెయ్యదనుకుంటావేమో, వేస్తుంది. భయం వేస్తే నాకు నోరే ముందు పరిగెడుతుంది. నిన్ను తోసేశాను. నువ్వని కూడా చూడలేదు. ఇంక అట్లా తొయ్యను. రా, ఇంటిలోపలికే గదా, నాలుగడుగులు. రా అమ్మా."

స్వెట్టరు మూడుసార్లు ఊపింది. లేచి, గదిలోకి నడిచి, నీల్దాని లేపి కూర్చోబెట్టి స్వెట్టరు తొడిగింది. పిల్ల చేతులు తనే ఎత్తింది. ఇన్ని సాయంత్రాల్లో అట్లా ఎత్తడం అదే మొదటిసారి. సతుర్నీనా ఎదురుగా కూర్చుంది.

"నాన్న ఎప్పుడు సచ్చిపోతాడు?"

గొంతు తుప్పు పట్టినట్టుంది. సతుర్నీనాకి ముందు అది మాటని కూడా అర్థం కాలేదు.

అవతలి మంచం మీంచి ఫ్లోరియాన్ అన్నాడు. "నేనా? ఎవరు చెప్పారే నీకు?"

"అమ్మ చెప్పింది."

దేలియా, నాయనమ్మ, ఫ్లోరియాన్ ముగ్గురూ సతుర్నీనా వంక చూశారు.

"మీ అమ్మ రోజుకి వెయ్యి మాటలు మాట్లాడుతుంది తల్లీ," అన్నాడు ఫ్లోరియాన్. "అన్నీ నిజమైతే ఈపాటికి నన్ను పదిసార్లు పూడ్చిపెట్టేవాళ్లు. ఈ వారం సావడం కుదరదు నాకు. దుంపలు తవ్వాలి."

"తప్పు చెప్పానమ్మా," అంది సతుర్నీనా. "నాన్న సచ్చిపోడు. తెలియక అరిచాను."

నీల్దా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎవరిని నమ్మాలో తేల్చుకుంటున్నట్టు. తర్వాత మంచం దిగి, తూలుతూ, తండ్రి మంచం దగ్గరికెళ్లింది. కట్టులోంచి బయటికొచ్చిన కాలివేళ్లు చూసింది. ఫ్లోరియాన్ బొటనవేలు ఆడించాడు. నొప్పికి పళ్లు బిగించాడు కానీ ఆడించడం ఆపలేదు. నీల్దా ఆ వేలు పట్టుకుంది.

"వెచ్చగా ఉంది," అని నాయనమ్మకి చెప్పింది.

"ఉంటుంది మరి. పొద్దస్తమానం దుప్పట్లోనే గదా రాజావారు," అంది ఎన్కార్నా. కట్టు లేని చేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఆకలేస్తోంది," అంది నీల్దా.

సతుర్నీనా జావ వెచ్చచేసి తెచ్చింది. ఒకేసారి పట్టకూడదని చిన్నగిన్నెలో కొంచెమే పోసి చెంచాతో పెట్టబోయింది. నీల్దా ఒప్పుకోలేదు, తనే పట్టుకుంటానంది. తండ్రి పక్కలో కూర్చుని, ఒక చెయ్యి ఆయన కాలి మీదే ఉంచి, రెండో చేత్తో గిన్నె ఎత్తుకుని తాగడం మొదలుపెట్టింది. మూడు గుక్కలు తాగింది. నాలుగోదానికి బలం లేని చేతిలో పట్టు జారింది. గిన్నె బోర్లాపడి జావంతా దుప్పటి మీద, ఫ్లోరియాన్ కట్టు మీద ఒలికింది.

పిల్ల బిగుసుకుపోయి తల్లి మొహంలోకి చూసింది.

సతుర్నీనా నోరు తెరుచుకుంది. మూసుకుంది. ఆమె వంగి గిన్నె తీసింది.

"పోన్లే," అంది మెల్లగా. "కుండలో ఇంకా ఉంది."